అమృత విలాస్‌కి లాభాలొచ్చుంటే?

నా దృష్టిలో సిట్‌కామ్‌కి ఒకటే పరీక్ష. పోయిన వారం మీరు చూడలేదు. కరెంటు పోయింది, లేదా ఏదో పెళ్ళికెళ్ళారు. ఈ వారం వచ్చి కూర్చుంటే, పక్కవాణ్ణి "ఇంతకుముందు ఏం జరిగింది?" అని అడగక్కర్లేకుండా నవ్వుకోగలగాలి. అడగాల్సొస్తే అది సీరియల్. అడిగి చెప్పించుకున్నాక కూడా అర్థం కాకపోతే అది మా అమ్మ చూసే డైలీ సీరియల్ :)

ఈ లెక్కన చిన్నప్పట్నుంచీ చూసినవన్నీ వరసలో పెట్టుకుంటే, నాకు పైన నిలబడేది ఇప్పటికీ 'అమృతం'. "చిన్నప్పటి జ్ఞాపకం కదా, అందుకే అలా అనిపిస్తుంది" అని తీసిపారేసేవాళ్ళు ఉంటారని తెలుసు. మా టీములోనే ఉన్నారు. సగం మంది ఫ్రెండ్స్ అంటారు, సగం మంది ది ఆఫీస్ అంటారు. అమృతం పేరెత్తగానే అందరూ కలిసి టైటిల్ సాంగ్ మాత్రం అందుకుంటారు, ఆ తర్వాత ఓటు తీసుకెళ్ళి అమెరికా వాళ్ళకి వేస్తారు. పాట మనకి, ఓటు వాళ్ళకి. నా ఏడుపు అందుకే.

కొత్తవాళ్ళుంటే చెప్తున్నా. అమృతం 2001 నవంబరులో జెమినీ టీవీలో మొదలై 2007 నవంబరు దాకా నడిచింది. వారానికి ఒక్కటే ఎపిసోడ్, ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి. మొత్తం 313. దాని వెనకున్నాయన గుణ్ణం గంగరాజు, 'లిటిల్ సోల్జర్స్' తీసినాయన, తర్వాత 'ఐతే' నిర్మించినాయన. అమృతరావు, ఆంజనేయులు ఇద్దరు స్నేహితులు, పక్కపక్క వాటాల్లో అద్దెకుంటారు. అమృత విలాస్ అని ఒక హోటల్ నడుపుతారు. అందులో పనిచేసే సర్వం. ఇద్దరికీ ఇద్దరు భార్యలు, సంజీవని, శాంత. అద్దె కోసం ప్రాణం తీసే ఇంటి ఓనరు అప్పాజీ. అంతే కంపెనీ. ప్రతి వారం అమృతానికి డబ్బు సంపాదించడానికో, పరువు నిలబెట్టుకోడానికో ఒక బ్రహ్మాండమైన ఐడియా వస్తుంది. ఆంజనేయులు మొదట వద్దంటాడు, తర్వాత ఇరుక్కుంటాడు. అరగంటలో ఇద్దరూ మునుగుతారు. పై ఆదివారానికి మళ్ళీ అదే వాటా, అదే హోటల్, అదే అద్దె బాకీ.

అది మొదలైనప్పుడు నాకు నాలుగేళ్ళు, అయిపోయేసరికి పదేళ్ళు. మొదట్లో నాకేం అర్థమయ్యేది కాదు, నాన్న నవ్వితే నవ్వేవాణ్ణి. మేమూ అద్దెకే ఉండేవాళ్ళం. కింద మేము, పైన ఓనరుగారు. ఆయనా అమృతమే చూసేవారు. అప్పాజీ వచ్చినప్పుడల్లా కింద మా నాన్న నవ్వు, పైన ఆయన నవ్వు, రెండూ ఒకేసారి వినబడేవి. నాన్న అప్పాజీని చూసి నవ్వుతున్నారు, ఆయన అమృతాన్ని చూసి నవ్వుతున్నారు అని నాకు చాలా ఆలస్యంగా వెలిగింది. ఒకటో తారీఖు ఆదివారం పడితే మాత్రం నాన్న కొంచెం మెల్లగా నవ్వేవారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఈ ఆరేళ్ళలో అమృతం వేషం ముగ్గురు వేసారు. మొదట శివాజీరాజా, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్. సంజీవని అయితే ఇంకా చాలాసార్లు మారింది. అయినా బండి ఆగలేదు. సినిమాలో హీరో మధ్యలో మారితే జనం ఊరుకుంటారా? ఇక్కడ ఊరుకున్నారు, ఎందుకంటే అమృతం అనేది ఒక పోస్టు. ఆ కుర్చీలో కూర్చున్నవాడికి అత్యాశ ఉండాలి, తెలివి ఉందన్న భ్రమ ఉండాలి, భార్యంటే భయం ఉండాలి, తప్పంతా ఆంజనేయులు మీదకి తోసెయ్యగలగాలి. ఈ నాలుగూ ఉంటే ఎవరు కూర్చున్నా నడుస్తుంది. మన భాషలో చెప్పాలంటే ఇంటర్‌ఫేస్ మారలేదు, ఇంప్లిమెంటేషన్ మారింది. మారకూడనివాళ్ళు మాత్రం మారలేదు: ఆంజనేయులుగా గుండు హనుమంతరావు, అప్పాజీగా శివన్నారాయణ, సర్వంగా వాసు ఇంటూరి. ఆశపడేవాడు ఎవడైనా కావచ్చు, దెబ్బలు తినేవాడి మొహం మాత్రం మనకి బాగా అలవాటైన మొహం అయ్యుండాలి. గుండు హనుమంతరావుకి "నేను ముందే చెప్పానా లేదా" అన్న మొహం ఒకటుంది, అది ఇంకెవరికీ రాదు.

సిట్‌కామ్ అంటే నాకు స్టేట్‌లెస్ సర్వర్ గుర్తొస్తుంది. ఒక రిక్వెస్ట్ వస్తుంది, పని చేస్తుంది, మర్చిపోతుంది. పై రిక్వెస్ట్‌కి పాతదాని తాలూకు బరువేమీ ఉండదు. కాన్ఫిగ్ ఫైలు ఒక్కటే ఎప్పుడూ మారదు, అంటే మనుషుల బుద్ధులు. డైలీ సీరియల్ దీనికి పూర్తిగా ఉల్టా. మూడేళ్ళ కిందట ఎవరో ఎవరికో చేసిన ద్రోహం ఇంకా మెమరీలోనే ఉంటుంది. పోగై పోగై ఇంక లోడ్ మొయ్యలేని పరిస్థితి వచ్చాక "ఇరవై ఏళ్ళ తరువాత" అని ఒక లీపు వేస్తారు. దాన్ని మనం రీబూట్ అంటాం.

కాబట్టి అమృత విలాస్‌కి నిజంగా లాభాలొచ్చుంటే ఏమయ్యేది? కథ కంచికి వెళ్ళేది. అమృతం సొంతిల్లు కట్టుకునేవాడు, అప్పాజీకి పనుండేది కాదు, ఆంజనేయులు పక్క వాటాలో ఉండేవాడు కాదు. సొంతిల్లు వస్తే మనిషికి మంచిదే, సిట్‌కామ్‌కి మాత్రం చావు. దీనికి సాక్ష్యం కూడా ఉంది. 2014లో గంగరాజుగారే 'అమృతం చందమామలో' అని సినిమా తీసారు, శ్రీనివాస్ అవసరాల అమృతంగా. ఇద్దరూ చంద్రుడి మీద హోటల్ పెట్టడానికి పోతారు. ఆలోచన సరదాగానే ఉంది కానీ, అమృతాన్ని వాటాలోంచి బయటికి తీసుకెళ్ళాక అక్కడ అద్దె అడిగే భయం ఉండదు, పక్కింటి గోల ఉండదు. గురుత్వాకర్షణ అంతంతమాత్రంగా ఉన్న చోట అమృతం కింద ఎలా పడతాడండీ? సినిమా ఆడలేదు. 2020 ఉగాదికి జీ5లో 'అమృతం ద్వితీయం' వచ్చింది, హర్షవర్ధన్, శివన్నారాయణ ఉన్నారు, ఆంజనేయులుగా ఎల్.బి.శ్రీరామ్. 2018 ఫిబ్రవరిలో గుండు హనుమంతరావు పోయారు కదా. ఎల్.బి.శ్రీరామ్ చిన్న నటుడేమీ కాదు, కానీ పైన చెప్పానే, ఆ కుర్చీ వేరే. నాలుగు ఎపిసోడ్లు చూసి మళ్ళీ పాతవాటికే పోయాను.

సరే, ఫ్రెండ్స్ సంగతి. దాని మీద నాకేం కోపం లేదు. ఇంజనీరింగ్ హాస్టల్లో మాకు అది సిలబస్‌లో భాగం లాంటిది. సీనియర్ల హార్డ్ డిస్క్ నుంచి జూనియర్ల హార్డ్ డిస్క్‌కి పది సీజన్లూ వారసత్వంగా వచ్చేవి. సబ్‌టైటిల్స్ రెండు సెకన్లు ముందు పడేవి, కాబట్టి జోక్ ముందు చదివేసి, తర్వాత వాళ్ళు నవ్వినప్పుడు మళ్ళీ నవ్వేవాళ్ళం. తెలుగు మీడియం నుంచి వచ్చిన మా రూమ్మేట్ ఒకడు ప్లేస్‌మెంట్లకి కోచింగ్ తీసుకోలేదు, ఫ్రెండ్స్ రెండుసార్లు చూసాడు. ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో భుజాలెగరేసి మాట్లాడేడని మేం ఏడిపించేవాళ్ళం.

అద్దింటి బుర్రతో చూస్తే మాత్రం ఫ్రెండ్స్‌లో నాకు ఒకటి మింగుడు పడదు. న్యూయార్క్ నడిబొడ్డున అంత పెద్ద ఇల్లు, అందులో ఉన్న ఇద్దరిలో ఒకమ్మాయి కాఫీ షాపులో సర్వర్, అయినా అద్దె కోసం ఎవరూ రారు. మోనికా వాళ్ళ బామ్మ పేరు మీద ఉన్న పాత అద్దె రేటు అని ఒక కారణం చెప్తారు లెండి. కారణం దొరికింది, భయం పోయింది. భయం లేకపోయేసరికి వాళ్ళకి మిగిలిన సమస్య ప్రేమ ఒక్కటే. ఎవరు ఎవరితో ఉన్నారు, ఎవరు ఎవరితో విడిపోయారు. ఈ ప్రశ్న కోసం పోయిన వారం చూసుండాలి. అంటే నా పరీక్షలో ఫ్రెండ్స్ సగం సీరియలే. రాస్-రేచల్ వ్యవహారం అచ్చంగా పదేళ్ళు సాగదీసిన మన టీవీ పెళ్ళి చూపులే, కాకపోతే ఏడవకుండా చేసారు. నాకిష్టమైనవి మొదటి నాలుగైదు సీజన్లు. తర్వాత అందరూ బాగుపడ్డారు. బాగుపడ్డవాళ్ళని చూసి ఏం నవ్వుతాం?

అందులో ఒక్క ఎపిసోడ్‌కి మాత్రం జీవితాంతం రుణపడి ఉంటా. 1998లో వచ్చింది. అమ్మాయిలూ అబ్బాయిలూ ఒకళ్ళ గురించి ఒకళ్ళకి ఎంత తెలుసో క్విజ్ పెట్టుకుంటారు, పందెం ఇల్లు. ఇల్లు పోయేది ఎక్కడో తెలుసా? "చాండ్లర్ ఉద్యోగం ఏంటి?" అన్న ప్రశ్న దగ్గర. ఇన్నేళ్ళుగా పక్కనే ఉన్నా వాడు ఆఫీసులో ఏం చేస్తాడో వాళ్ళకి తెలీదు. మా అమ్మ కూడా ఆ క్విజ్‌లో ఖచ్చితంగా ఇల్లు పోగొట్టుకుంటుంది. పెళ్ళిళ్ళలో ఎవరైనా "అబ్బాయి ఏం చేస్తాడు?" అంటే "కంప్యూటర్లో" అంటుంది, నిలబడ్డ స్టూలు పేరు చెప్పినట్టు. ఇది చదువుతున్న సగం మంది ఇళ్ళలో ఇదే పరిస్థితి, కాదనండి చూద్దాం.

ఫ్రెండ్స్ కన్నా నా పరీక్షకి దగ్గరగా ఉండేది సైన్‌ఫెల్డ్ (1989-1998). ఎవరూ కౌగిలించుకోకూడదు, ఎవరూ ఏ పాఠమూ నేర్చుకోకూడదు అని రాసేవాళ్ళు నియమం పెట్టుకుని మరీ రాసారు. అమృతం వాళ్ళు అలా ఏదైనా పెట్టుకున్నారో లేదో గానీ, 313 వారాల్లో అమృతం నేర్చుకున్నది సున్నా. చైనీస్ రెస్టారెంట్లో టేబుల్ కోసం ఎదురుచూడ్డమే కథగా ఒక ఎపిసోడ్ మొత్తం నడుస్తుంది సైన్‌ఫెల్డ్‌లో. ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ హోటల్ బయట టోకెన్ పట్టుకుని నిలబడ్డ ఎవరికైనా అది హైదరాబాద్ కథే.

బిగ్ బ్యాంగ్ థియరీ గురించి ఎక్కువ చెప్పను. చదువుకున్నవాళ్ళని పక్కన నిలబడి చూసి నవ్వడం తప్ప వాళ్ళతో కలిసి నవ్వడం అందులో నాకు దొరకలేదు. కూత్రపల్లి అన్న ఇంటిపేరు వినగానే గుంటూరు పక్క ఊరేమో అని ఆశపడ్డాను, తీరా చూస్తే ఢిల్లీ కుర్రాడన్నారు. మన పనిని ఎగతాళి చెయ్యాలంటే ఐటీ క్రౌడ్ (2006-2013) వాళ్ళు చెయ్యాలి. బ్రిటిష్ వాళ్ళది, మొత్తం 25 ఎపిసోడ్లే. పెద్ద కంపెనీ, పైన అద్దాల మేడ, ఐటీ వాళ్ళు మాత్రం బేస్‌మెంట్లో. కంప్యూటర్ గురించి ఏమీ తెలియని మేనేజరుకి వాళ్ళిద్దరూ ఎర్ర లైటున్న చిన్న డబ్బా ఇచ్చి "ఇదే ఇంటర్నెట్" అని నమ్మిస్తారు. ఆవిడ దాన్ని పట్టుకెళ్ళి మీటింగ్‌లో పెడుతుంది. వాళ్ళనుకున్నది అందరూ ఆవిణ్ణి చూసి నవ్వుతారని. హాల్లో ఉన్నవాళ్ళందరూ నమ్మేస్తారు! ఇది 2008 నాటిది. నా మొదటి ఉద్యోగంలో క్లయింట్ డెమోకి కూర్చున్నప్పుడల్లా నాకు ఆ డబ్బా గుర్తొచ్చేది.

తర్వాత సిలికాన్ వ్యాలీ (2014-2019). మనవాళ్ళు దీన్ని టెక్నికల్‌గా మెచ్చుకుంటారు, మెచ్చుకోవాలి కూడా. కంప్రెషన్ ఎంత బాగుందో కొలవడానికి అందులో చెప్పే వైస్‌మన్ స్కోరుని ఆ షో కోసం స్టాన్‌ఫోర్డ్ ప్రొఫెసర్ సాకీ వైస్‌మన్, అక్కడి విద్యార్థి వినీత్ మిశ్రా కలిసి తయారుచేసారు. ట్యాబులా స్పేసులా అన్న గొడవ మీద ఒక జంట విడిపోతుంది. ఇవన్నీ పక్కన పెట్టి చూడండి. డబ్బొస్తుందని ఆశపడే ఒక పిచ్చి మారాజు, పక్కన తిట్టుకుంటూనే వదిలిపోని స్నేహితులు, అందరూ ఇరుక్కుని ఉండే ఒక ఇల్లు, ఆ ఇంటి మీద పెత్తనం చేసే ఒక లావుపాటి పెద్దమనిషి, ప్రతిసారీ గెలుపు చేతిదాకా వచ్చి జారిపోవడం. ఎక్కడో చూసినట్టు లేదూ? పైడ్ పైపర్ అంటే అమృత విలాసే. మన మొదటి స్టార్టప్ అమృత విలాస్ అని నేనంటే మా టీములో నవ్వారు గానీ, వారానికో ఐడియా మార్చి, ఉన్న కస్టమర్లని పోగొట్టుకుని, అప్పులవాణ్ణి తప్పించుకు తిరగడాన్ని ఇప్పుడు పివట్, చర్న్, రన్‌వే అంటున్నారు. అప్పాజీని ఇన్వెస్టర్ అనుకోండి, సరిపోతుంది.

ఉద్యోగంలో చేరాక ది ఆఫీస్ (అమెరికాది, 2005-2013) చూసాను. చేరకముందు చూస్తే అది ఎక్కదు. ఇప్పుడు స్టాండప్ కాల్‌లో ఎవరైనా పనికిరాని మాట పది నిమిషాలు చెప్తుంటే, జిమ్ కెమెరా వైపు చూసినట్టు నేనూ నా ల్యాప్‌టాప్ కెమెరా వైపు చూస్తా. చూసేవాళ్ళెవరూ ఉండరు, అదొక లోటు. ఆ షో గొప్పదనం కాగితాలమ్మే కంపెనీని ఎంచుకోవడంలో ఉంది. కాగితానికి భవిష్యత్తు లేదని అందులో పనిచేసే అందరికీ తెలుసు, అయినా పొద్దున్నే వస్తారు. మైకేల్ స్కాట్ లాంటి మేనేజరు కింద నేనూ ఒక ఏడాది చేసాను (కంపెనీ పేరు అనవసరం). పుట్టినరోజులు గుర్తుపెట్టుకునేవాడు, అప్రైజల్లో నా పేరు తప్పు రాసాడు. అప్పుడు అంత కోపం రాకపోవడానికి కారణం ఆ షోయే. స్టీవ్ కారెల్ 2011లో వెళ్ళిపోయాక అది చల్లబడింది. అమృతం మారితే నడిచింది, మైకేల్ పోతే ఎందుకు నడవలేదంటే, అక్కడ మైకేల్ అమృతమూ ఆంజనేయులూ రెండూ తనే. ఐడియా తనదే, దెబ్బలూ తనకే.

హిందీలో 'సారాభాయ్ వర్సెస్ సారాభాయ్' నాకు చాలా ఇష్టం. 2004లో స్టార్ వన్‌లో మొదలైంది. దాదాపు 70 ఎపిసోడ్లు, అప్పట్లో పెద్దగా ఆదరణ లేదు, తర్వాత ఇంటర్నెట్‌లో బతికింది. రత్నా పాఠక్ షా మర్యాదగా తిట్టే తిట్లు ఒక ఎత్తు, సతీష్ షా అమాయకంగా పెట్టే చిచ్చు ఒక ఎత్తు. 2025 అక్టోబరులో సతీష్ షా పోయారు, ఆ రాత్రి నాలుగు ఎపిసోడ్లు వరసగా చూసాను. ఇక తారక్ మెహతా. 2008లో మొదలై 4000 దాటేసింది. వారానికో కథ చెప్పాల్సిన ఇంటిని రోజుకో కథ చెప్పమంటే ఏమవుతుందో అది చూస్తే తెలుస్తుంది. దయా పాత్ర వేసినావిడ 2017లో వెళ్ళిపోతే, "దయా వస్తోంది, వస్తోంది" అనే ఏళ్ళ తరబడి లాగారు. నవ్వు పోయి నిరీక్షణ మిగిలింది.

ఇంతకీ నా అసలు బాధకి వస్తాను. 2007లో అమృతం ఆగిపోయింది. ఆ తర్వాత తెలుగులో, ఒక ఊరు మొత్తం వారం వారం ఎదురుచూసే రెండో సిట్‌కామ్ రాలేదు. అంతకుముందు మాత్రం ఏమున్నాయి అంటే, మా నాన్న తరం దూరదర్శన్‌లో ధర్మవరపు సుబ్రహ్మణ్యం చేసిన 'ఆనందోబ్రహ్మ' పేరు చెప్తుంది. ఆ తరానికి ఒకటి, మా తరానికి ఒకటి. మా తర్వాతవాళ్ళకి?

"జనం చూడరు" అనేది అబద్ధం. ఇప్పటికీ యూట్యూబ్‌లో అమృతం పాత ఎపిసోడ్లు అన్నం తింటూ చూసేవాళ్ళు కోకొల్లలు, నాతో సహా. లెక్క వేరే చోట ఉందని నా అభిప్రాయం. వారానికో ఎపిసోడ్ సిట్‌కామ్‌కి 313 కథలు కావాలి. అంటే 313 సార్లు ఎవరో ఒకరు కూర్చుని మొదలు, మధ్య, ముగింపు ఉన్న తమాషా ఆలోచించాలి. డైలీ సీరియల్‌కి ఒక కథ ఉంటే వెయ్యి రోజులు లాగొచ్చు. గుమ్మంలోకి ఎవరో వస్తారు, ఇంట్లో ఉన్న ఎనిమిది మంది మొహాల మీదికి కెమెరా మూడేసి సార్లు పోతుంది, బ్రేకు. అదే సెట్టు, అదే ఖర్చు, వారానికి ఐదారు రోజుల ప్రకటనలు. ఛానల్ వాడి కుర్చీలో నేను కూర్చున్నా అదే చేస్తానేమో, మనమూ రాసేటప్పుడు రీయూజ్ రీయూజ్ అనే కదా కొట్టుకుంటాం.

కామెడీకి ఉన్న ఆకలిని 2013 నుంచి 'జబర్దస్త్' తీర్చింది. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు దాన్ని తెగ చూసేవాళ్ళం. ఎక్కడెక్కడి కుర్రాళ్ళకో బతుకు ఇచ్చింది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ స్కిట్‌లో జోకులుంటాయి, మనుషులు ఉండరు. పది నిమిషాల్లో నవ్వించి దిగిపోవాలి, అందుకే పొట్టివాడని, నల్లవాడని, ఆడవేషమని దగ్గర దారులు వెతుక్కుంటారు. అప్పాజీ గుమ్మంలో కాలు పెడితే మాటా పలుకూ లేకుండానే నవ్వొస్తుంది, ఎందుకంటే వెనకాల రెండొందల వారాల బాకీ ఉంది. స్కిట్‌కి ఆ బాకీ ఎక్కణ్ణుంచి వస్తుంది? (అలాగని అమృతంలో అన్నీ ముత్యాలే అనను. భార్యల మీద వేసిన జోకులు కొన్ని ఇప్పుడు చూస్తే చప్పగా ఉన్నాయి. ఫ్రెండ్స్‌లో మోనికా లావు మీద వేసినవీ అంతే.)

ఓటీటీలు వచ్చాక ఆశపడ్డాను. 2020 ఏప్రిల్‌లో, అందరం ఇళ్ళలో ఇరుక్కున్నప్పుడు 'పంచాయత్' వచ్చింది. ఇంజనీరింగ్ చదివి, మంచి ప్యాకేజీ రాక, ఫులేరా అనే పల్లెటూళ్ళో పంచాయతీ సెక్రటరీగా చేరే కుర్రాడు. మొదటి సీజన్లో కుర్చీ గురించి ఒక ఎపిసోడ్, సోలార్ లైటు గురించి ఒక ఎపిసోడ్, పోయిన కంప్యూటర్ మానిటర్ గురించి ఒక ఎపిసోడ్. అద్భుతం. వాడికి ఊరు వదిలి పోవాలని ఉంది, పోలేడు. సరిగ్గా సిట్‌కామ్‌కి కావాల్సిన ఇరుకు. రాను రాను అందులో ఎన్నికలు, ఎమ్మెల్యే, తుపాకీ మోత వచ్చి చేరాయి. 2025 నాలుగో సీజన్‌కల్లా, పోయిన సీజన్ చూసుంటేనే అర్థమయ్యే రాజకీయ కథ అయికూర్చుంది. అదే ఏడాది జనవరిలో దీన్ని తెలుగులో 'సివరపల్లి' అని తీసారు, రాగ్ మయూర్ హీరో. కుర్రాడు బాగా చేసాడు, యాస బాగుంది, ఊరు బాగుంది. అయితే వరస మొత్తం ఫులేరాదే. వాళ్ళ కుర్చీ, వాళ్ళ లైటు మనూరికి తెచ్చుకున్నాం. మన పల్లెటూళ్ళో పంచాయతీ ఆఫీసు చుట్టూ కథలకి కరువొచ్చిందా?

2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన '90స్ ఎ మిడిల్ క్లాస్ బయోపిక్' అందరికీ నచ్చింది, నాకూ నచ్చింది. ఆరే ఎపిసోడ్లు. ఆరు ఎపిసోడ్లంటే మూడు గంటల సినిమాని ముక్కలు చేసినట్టు. శనివారం రాత్రి మొదలుపెడితే ఆదివారం తెల్లవారేసరికి అయిపోతుంది. అలవాటు అవ్వడానికి టైమేదీ? ఆదివారం ఎనిమిదిన్నరకి కింద వాటా, పై వాటా కలిసి నవ్వడం అనేది ఒకేసారి మొత్తం విడుదల చేసేదానికి కుదరదు. ఇప్పుడు మా ఇంట్లోనే నలుగురికి నాలుగు తెరలు, నాలుగు హెడ్‌ఫోన్లు. పక్క గదిలోంచి ఒక్కడే నవ్వుతున్న చప్పుడు వస్తే "ఏమైంది రా వాడికి" అనుకుంటున్నాం.

నాకు తెలిసి కావల్సింది పెద్ద బడ్జెట్ కాదు. మనలో చాలామందికి తెలిసిన చోటే ఒకటి చెప్తాను, ఎవరైనా తీసుకోండి, రాయల్టీ అడగను. మాదాపూర్లో ఒక మెన్స్ పీజీ. ముగ్గురు షేరింగ్ రూము. ఒకడు ఆర్నెల్లుగా బెంచ్ మీద ఉన్నాడు, ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఒకడు నైట్ షిఫ్టు, పగలంతా లైటు ఆపమని గొడవ. ఒకడు నాలుగేళ్ళుగా ఆన్‌సైట్ వస్తుందని సూట్‌కేసు సర్దుకుని కూర్చున్నాడు, అందరూ ఆ సూట్‌కేసు మీదే ఇస్త్రీ చేసుకుంటారు. భీమవరం నుంచి వచ్చిన పీజీ ఓనరు, ప్రతి నెలా రెంట్ పెంచడానికి ఒక కొత్త సిద్ధాంతంతో వస్తాడు. వంటాయన రోజూ ఒకే కూర చేసి రోజుకో పేరు చెప్తాడు. ఎవరికీ హైక్ రాకూడదు, ఎవరికీ వీసా రాకూడదు, ఎవరికీ పెళ్ళి కుదరకూడదు. మొదటి ఎపిసోడ్‌లో గీజర్ పాడవుతుంది. 313వ ఎపిసోడ్‌లో కూడా అదే గీజర్.